చెప్పులు విడిచిన దొంగ

మా ఇంట్లో ఇంతవరకు దొంగతనం జరగలేదు. ఆ సంగతి ప్రభుత్వం దృష్టికి వెళ్ళడంతో మా కష్టాలు మొదలయ్యాయి.

నా పేరు భావనారాయణ. వ్యవసాయ శాఖలో ముప్పై రెండేళ్ళు మట్టి పరీక్షలు చేసి రిటైరయ్యాను. రైతు గుప్పెడు మట్టి తెచ్చిస్తే అందులో ఏముందో, ఏం లేదో చెప్పడం నా పని. పరీక్షంటే ఏమిటో నాకు తెలుసునని కాస్త గర్వంగా ఉండేది. గృహ సురక్షా ధ్రువీకరణ సంస్థ వారు ఆ గర్వాన్ని నాలుగు నెలల్లో దించేశారు.

కథంతా ఒక ప్రెషర్ కుక్కర్‌తో మొదలైంది. రాజధానిలో ఒక పెద్ద అధికారిగారింట్లో కుక్కర్ కనబడలేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ప్రతి ఇంటికీ, ప్రతి తలుపుకీ, ప్రతి కిటికీకీ వైర్‌లెస్ సెన్సర్లు బిగించుకోవాలి. ఆ తర్వాత కుక్కర్ ఆయన బావమరిది ఇంట్లో దొరికింది. కానీ అప్పటికే ఉత్తర్వు అచ్చయిపోయింది. అచ్చయిన ఉత్తర్వుని కుక్కర్ దొరికిందని వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం పరువేం కాను?

బిగించుకుంటే సరిపోదు. సంస్థ వారు పరీక్ష చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితే ఆ ఇల్లు 'అసురక్షిత కట్టడం'. నివసించేవారి రక్షణార్థం వారిని బయటికి పంపించి ఇంటికి సీలు వేస్తారు. ఇంట్లో దొంగలు పడతారేమోనన్న భయంతో ముందు ఇంటివాళ్ళని గెంటేయడమన్నమాట. ఈ ఆలోచన వచ్చిన బుర్రకి ఎవరో ఒకరు దిష్టి తీయాలి.

మాది రెండు గదుల ఇల్లు. ఓ వంటిల్లు, వెనకాల కాస్త పెరడు. నేను రిటైరయ్యాక కట్టుకున్నాం. నేల మీద పరిచిన ఒక్కో పలకా నా భార్య హైమవతి ఎండలో నిలబడి ఏరింది. మాకు ఇంకో కొంప లేదు. అందుకని నోరు మూసుకుని సెన్సర్లు బిగించే మనిషికి కబురు పెట్టాను.

యూసఫ్ అని ముప్పై ఏళ్ళ మనిషి, నిచ్చెనా డ్రిల్లూ తీసుకుని వచ్చాడు. వీధి తలుపు చట్రానికి అగ్గిపెట్టంత తెల్ల డబ్బీ అంటించి, తలుపు రెక్కకి అయస్కాంతం ముక్క బిగించాడు. రెండిటికీ మధ్య వేలెడు ఎడం కూడా ఉండకూడదట. తలుపు తీస్తే రెండూ విడిపోతాయి, హాల్లో గోడకున్న పెట్టెకి కబురు వెళుతుంది, సైరన్ మోగుతుంది. మనిషి కదలికని పసిగట్టేవి గదికొకటి మూలన పెట్టాడు. వంటింటి సెన్సర్ కబురు ఇనప బీరువా అడ్డొచ్చి పెట్టెదాకా రాలేదు. ఇద్దరం కలిసి బీరువా జరిపాం. హాల్లోది ఫ్యాను గాలికి ఊగుతున్న క్యాలెండర్ని చూసి మోగింది. క్యాలెండర్ తీసేది లేదంది హైమవతి. సెన్సర్నే తిప్పి పెట్టాడు.

మొత్తం తొమ్మిది. బిగించాక ఒక్కోదాన్నీ పరీక్షించాడు. అతను పెరటి తలుపు తీసి "నాలుగండీ!" అని అరుస్తాడు. నేను హాల్లో పెట్టె మీద ఎర్రలైటు చూసి "నాలుగు!" అని అరుస్తాను. మధ్యలో హైమవతి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఏ సెన్సర్ బ్యాటరీ ఎప్పుడు మార్చాలో కాగితం మీద రాసి బీరువాకి అంటించి మరీ వెళ్ళాడు.

"అన్నీ పనిచేస్తున్నాయండి. ఇంక మీకు బెంగ లేదు" అన్నాడు పోతూ పోతూ.

పాపం, అతనికి యంత్రాల గురించి తెలుసు గానీ సంస్థ గురించి తెలీదు.

మర్నాడు యూసఫ్ రాసిచ్చిన కాగితం పట్టుకుని సంస్థ కార్యాలయానికి వెళ్ళాను. ఉప ధ్రువీకరణాధికారి సోమేశ్వరంగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు.

"తలుపు ఎవరు తెరిచారు?"

"సెన్సర్లు బిగించినతను. తర్వాత నేనూ తెరిచి చూశాను. ప్రతిసారీ మోగింది."

"మీరు తెరిచినచో అది రాకపోక. సంస్థ పరీక్షించునది చొరబాటును. చొరబాటు అనగా గృహస్తుని అనుమతి, ఆహ్వానం, పరిచయం లేకుండా జరుగు ప్రవేశం. రాకపోకకు మోగిన సైరన్‌ను మేము పరిగణించము."

"పోనీ, పక్కింటాయన్ని తెరవమంటాను."

"పరిచయం."

"దారిన పోయేవాణ్ణి పిలుస్తాను."

"ఆహ్వానం."

"తమరే వచ్చి తెరవండి."

"మేము నోటీసు ఇచ్చి వస్తాము. మీరు సంతకం చేసి అందుకుంటారు. అనుమతి."

"మరింక దొంగే రావాలి" అన్నాను విసుగొచ్చి.

సోమేశ్వరంగారు చెవులు మూసుకున్నంత పనిచేశారు. "ఆ పదం వాడకండి. పరీక్షా చొరబాటుదారు, రెండవ శ్రేణి. జిల్లాకు నాలుగు పోస్టులు మంజూరైనవి."

నేను వేళాకోళానికన్న మాటని వీళ్ళు ఎప్పుడో శాఖగా మార్చేశారు. ఆ పోస్టుకి ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఒకాయన దరఖాస్తు పెట్టాడట. ఐదు జైళ్ళ విడుదల కాగితాలు జత చేశాడట. డిగ్రీ లేదనీ, నడవడి పత్రం లేదనీ తిప్పి పంపారు.

"ఎవర్ని తీసుకున్నారు మరి?"

"అందరూ పోస్టు గ్రాడ్యుయేట్లే" అన్నారు సోమేశ్వరంగారు, తన పిల్లలకే ర్యాంకులు వచ్చినంత గర్వంగా.

పరీక్ష బుధవారం ఉదయం పదింటికి అని నోటీసు వచ్చింది. దాంతోపాటు ఒక ఫారం. 'బుధవారం ఉదయం పది గంటలకు మా ఇంట చొరబాటు జరుగునన్న సంగతి మాకు ఏమాత్రం తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాము.' దంపతులిద్దరం సంతకాలు పెట్టాం.

బుధవారం పదింటికి సోమేశ్వరంగారు సాక్షిగా వచ్చి మా గేటు పక్కన గొడుగు వేసుకుని నిలబడ్డారు. ఆయన వెంట ఓ బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు. పేరు కిరీటి. ఎమ్మే చదివాడు. గేటు తీసుకుని వస్తున్నాడు, నుదుటి మీద చెమటలు కారుతున్నాయి. సెన్సర్లన్నీ ఆన్‌లో ఉన్నాయి. నేను హాల్లో కుర్చీలో కదలకుండా కూర్చుని పేపరు చూస్తూ, తెలియనట్టు నటిస్తున్నాను.

కిరీటి వీధి తలుపు నెట్టాడు. సైరన్ మోగింది. సరిగ్గా ఆ క్షణానే హైమవతి వంటింట్లోంచి తొంగి చూసింది.

"అయ్యో, ఎండన పడి వచ్చారే! లోపలికి రండి బాబూ, కూర్చోండి. మజ్జిగ తెస్తాను."

కిరీటి కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. సోమేశ్వరంగారు గొడుగు మూసి ఫారంలో రాసుకున్నారు: 'గృహస్తురాలు ఆహ్వానించినందున చొరబాటు అతిథి ప్రవేశముగా మారినది. పరీక్ష చెల్లదు.'

"సైరన్ ముందు మోగిందండీ, ఆవిడ తర్వాతే రమ్మంది!" అన్నాను.

"ఎన్ని సెకన్ల తర్వాత?"

నా దగ్గర లెక్క లేదు. ఆయన దగ్గరా లేదు. కానీ ఫారం ఆయన దగ్గరుంది.

ఆ వారమే సంస్థ నుంచి మాకొక సూచనల పత్రం వచ్చింది, 'ఆతిథ్య నిగ్రహం' పేరుతో. గృహస్తులు ఆగంతకుని చూసి నవ్వరాదు. 'రండి', 'కూర్చోండి', 'భోంచేశారా' వంటి పదములు వాడరాదు. మంచినీళ్ళ గ్లాసు చేతికందే దూరంలో ఉంచరాదు. పదిహేను రోజులు సాధన చేయవలెను.

హైమవతి సాధన చేసింది. ఎదురింటి నాగరత్నం కరివేపాకు కోసం వస్తే మొహం గంటు పెట్టుకుని నిలబడింది. నాగరత్నం మూడు రోజులు మాతో మాట్లాడలేదు. పూలమ్మే మనిషి ఏడ్చినంత పని చేసింది. "ఇల్లు నిలబెట్టుకోవాలంటే ఇంత పాడు బుద్ధులు నేర్చుకోవాలా అండీ?" అంది హైమవతి ఆ రాత్రి నాతో.

రెండో పరీక్షనాడు నోరు జారుతుందేమోనని భయపడి హైమవతి నోటినిండా నీళ్ళు పోసుకుని బుగ్గలు పొంగించుకుని కూర్చుంది. ఈసారి కిరీటి వెనక ప్రహరీ ఎక్కాలి. సోమేశ్వరంగారు పెరట్లో నిలబడి, "చొరబాటుదారు గారూ, ప్రారంభించవచ్చు" అన్నారు. కిరీటి గోడెక్కాడు. ఎక్కాడు గానీ దిగడం రాలేదు. డిపార్టుమెంటు వాళ్ళు ఎక్కడం వరకే శిక్షణ ఇచ్చారట. దిగడం రెండో విడతలో ఉందట. కాసేపు గోడ మీద బిక్కమొహం వేసుకుని కూర్చుని, దబ్బున కిందపడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.

హైమవతి నోట్లో నీళ్ళు ఒక్క గుక్కలో మింగేసింది. "అయ్యయ్యో, నా తండ్రే!" అంటూ పరిగెత్తి, పసుపు అద్ది, పాత చీర చింపి కట్టు కట్టి, భుజం పట్టుకుని నడిపించుకుంటూ లోపలికి తీసుకొచ్చింది. తొమ్మిదింటిలో ఏడు సెన్సర్లు మోగాయి. ఇంట్లో చెవులు చిల్లులు పడుతున్నాయి.

'గృహస్తురాలు చొరబాటుదారుని తన భుజబలముతో లోనికి తోడ్కొని వచ్చినది. పరీక్ష చెల్లదు. గృహస్తురాలి ప్రవర్తన సంస్థ లక్ష్యములకు విరుద్ధము.'

ఇంక ఒక్కటే మిగిలింది. ఆ రోజుల్లో హైమవతి ఇల్లంతా తిరుగుతూ గోడలు తడిమి చూసుకునేది. నేను చూసి కూడా చూడనట్టు ఉండేవాణ్ణి.

మూడో పరీక్షకి నేను ఏ పొరపాటుకీ సందివ్వలేదు. హైమవతిని దేవుడి మూలవైపు తిప్పి కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమన్నాను. కిరీటి కూడా ఈసారి బాగా సాధన చేసి వచ్చాడు. పెరటి తలుపు గడియ చాకచక్యంగా తీశాడు. పిల్లిలా లోపలికి వచ్చాడు. నాలుగో సెన్సర్ మోగింది. వంటింటిది మోగింది. హాల్లోది మోగింది. నేను కిరీటిని చూసి నవ్వలేదు. హైమవతి తల తిప్పలేదు. నాకు లేచి గంతులెయ్యాలనిపించింది.

సోమేశ్వరంగారు పెరటి గుమ్మం దగ్గర వంగి ఏదో చూస్తున్నారు.

"ఇవి ఎవరివి?"

గుమ్మం బయట ఒక జత చెప్పులు, ముందువైపు ఇంట్లోకి తిరిగి, ఒద్దికగా పక్కపక్కన ఉన్నాయి.

కిరీటి మొహం పాలిపోయింది. "నావేనండి. అలవాటు ప్రకారం... ఇంట్లోకి చెప్పులతో ఎలా వస్తామండి?"

సోమేశ్వరంగారు నిటారుగా నిలబడి ఫారం తీశారు. 'ప్రవేశించిన వ్యక్తి గృహము పట్ల గౌరవ సూచకముగా పాదరక్షలు వెలుపల విడిచినందున, సదరు ప్రవేశము మర్యాదపూర్వక సందర్శనముగా పరిగణించడమైనది. పరీక్ష చెల్లదు. తృతీయ వైఫల్యము.'

"తప్పు మీ దొంగది! మా ఇంటికేంటి సంబంధం?" అని కేకలు వేశాను. ఒళ్ళు మండిపోయింది నాకు. వినేవాళ్ళెవరు? కిరీటి నా చేతులు పట్టుకుని, "క్షమించండి మాస్టారూ, మా అమ్మ అలా పెంచింది" అన్నాడు. ఆ ఒక్క మనిషి మీద నాకు కోపం రాలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి లక్క, ఎర్ర గుడ్డ, కొవ్వొత్తి పట్టుకుని దిగారు. అరగంట టైమిచ్చారు. హైమవతి దేవుడి పటాలు తీసింది, నేను బట్టలూ కాగితాలూ తీశాను. సోమేశ్వరంగారు స్వయంగా సెన్సర్లన్నీ ఆన్ చేసి, వాటి కబురు పోలీసు స్టేషన్‌కీ సంస్థకీ కూడా చేరేలా పెట్టి, తలుపులేసి, లక్క కాచి, సీలు గుద్దారు. మేం రోడ్డు దాటి నాగరత్నం ఇంటి అరుగు మీదికి చేరాం. అప్పుడు హైమవతి చటుక్కున కొంగుతో నోరు మూసుకుంది.

ఆవిడ పై కట్టుడు పళ్ళ సెట్టు స్నానాల గదిలో, స్టీలు గిన్నెలో నానుతోంది. తెచ్చుకోవడం మర్చిపోయింది.

అప్పటికప్పుడు దరఖాస్తు రాసి పట్టుకెళ్ళాను. సోమేశ్వరంగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "దంతములు నోటిలో ఉన్నంతవరకు వ్యక్తికి చెందును. గిన్నెలో ఉన్నపుడు గృహసామగ్రి. సీలు చేసిన గృహసామగ్రిని వెలికి తీయుటకు రాష్ట్ర కార్యాలయపు అనుమతి అవసరం. పదిహేను పనిదినములు."

కొత్తవి చేయించాలన్నా పళ్ళ డాక్టరు నెల పడుతుందన్నాడు. నాగరత్నం పాత అలకలన్నీ మరిచిపోయి పొద్దున జావ, సాయంత్రం జావ కాచి ఇచ్చింది. తిండి సంగతి అలా ఉంచండి. దారిన పోయే ప్రతి మనిషినీ పలకరించే హైమవతి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళతో తలూపడం తప్ప మాట లేదు. నాతో కూడా. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఉదయం పదకొండింటికి లేచి, చెప్పులు వేసుకుని, రోడ్డు దాటి, మా ఇంటి సీలు పుటుక్కున తెంపి లోపలికి వెళ్ళాను.

సైరన్ మోగింది. హాల్లో అడుగుపెడితే ఇంకోటి, వంటింట్లోకి తిరిగితే ఇంకోటి. యూసఫ్ చేతిపని ఎంత గొప్పదో ఆ రోజు తెలిసింది. స్నానాల గదిలోంచి గిన్నె తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి పోలీసులు ఎదురొచ్చారు. వాళ్ళ వెనక ఆయాసపడుతూ సోమేశ్వరంగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అనుమతి లేదు! ఆహ్వానం లేదు! పాదరక్షలు కూడా విడవలేదు!" అని నా కాళ్ళు చూసి పరవశించిపోయారు. "భావనారాయణగారూ, ఈ పథకం మొదలయ్యాక రాష్ట్రం మొత్తంలో ఇదే మొదటి నిజమైన చొరబాటు. మీ ఇల్లు ఉత్తీర్ణమైంది!"

అంటూనే ధ్రువపత్రం తీసి నా పేరు రాయడం మొదలుపెట్టారు. అదే సమయానికి ఎస్సైగారు ఇంకో కాగితం తీసి నా పేరే రాయడం మొదలుపెట్టారు. గిన్నెలో పళ్ళు ప్లాస్టిక్ కవర్లోకి వెళ్ళాయి, చోరీ సొత్తుగా.

స్టేషన్లో నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. హైమవతిని పిలిపించారు. సోమేశ్వరంగారు ఆవిడకి కుర్చీ వేయించి, మెత్తగా చెప్పారు.

"అమ్మా, ఒక చిన్న లాంఛనం. ఈ వ్యక్తి మీకు తెలియదని ఒక్క మాట చెప్పండి. పరిచయం లేదంటే చొరబాటు నిలుస్తుంది, మీ ఇల్లు మీకు వస్తుంది, శాశ్వతంగా. ఇతనికి మహా అయితే మూడు నెలలు. పరిచయం ఉందన్నారో, అంతా రద్దు. ఇంటికి మళ్ళీ సీలు."

హైమవతి నావైపు చూసింది. తెలియదని చెప్పు అన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను. మూడు నెలలే గదా. ఎండలో నిలబడి పలకలు ఏరుకున్న మనిషి పరాయి అరుగు మీద ముసలితనం వెళ్ళదీయడం నాకిష్టం లేదు.

ఆవిడ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. అంతమంది మగాళ్ళ మధ్య, బోసినోటితో, ఎవరికీ అనుమానం లేకుండా చెప్పింది.

"మా ఆయన. నలభై ఏళ్ళ కాపురం. మా ఇంట్లోకి మా ఆయన వచ్చాడు, నా పళ్ళ కోసం వచ్చాడు. రాసుకో."

వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. నా జన్మలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అంత సిగ్గూ ఎప్పుడూ కలగలేదు, నేను ఊపిన తల ఆవిడ చూసింది గనక.

సోమేశ్వరంగారు ధ్రువపత్రం మీద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టారు. రాష్ట్రంలో మొదటి చొరబాటు ఆయన చేతుల్లోంచి జారిపోయింది మరి. భర్త సొంతింట్లోకి వెళ్ళడం రాకపోక కాబట్టి కేసు లేదని ఎస్సైగారు నన్ను వదిలేశారు. నేను బల్ల మీదున్న ప్లాస్టిక్ కవరు వైపు చెయ్యి చాపాను.

సోమేశ్వరంగారు నా చెయ్యి పట్టుకున్నారు. "చొరబాటు జరగనపుడు చోరీ జరగలేదు. చోరీ జరగనపుడు సదరు దంతములు ఇల్లు విడిచి రాలేదు. ఇంట్లో ఉన్నవాటిని ఇక్కడ మీ చేతికి ఎలా ఇస్తాము?"

ఆ మధ్యాహ్నం ఇద్దరు అటెండర్లు పళ్ళని తిరిగి గిన్నెలో వేసి, దాన్ని చెరోవైపు పట్టుకుని, కుదపకుండా, మా ఇంట్లోకి తీసుకెళ్ళారు. నీళ్ళు ఎంతవరకు ఉండేవని ఒకడు బయటికొచ్చి నన్ను అడిగాడు. సగానికి పైన, అన్నాను. అంతవరకు పోసి, యథాస్థానంలో పెట్టి, సెన్సర్లు ఆన్ చేసి, తలుపేసి, కొత్త లక్కతో సీలు గుద్దారు. సీలు సరిగ్గా పడిందో లేదో సోమేశ్వరంగారు గోటితో గోకి చూశారు.

ఇప్పటికి ఇరవై రోజులైంది. రాష్ట్ర కార్యాలయం నుంచి కబురు లేదు. హైమవతి అరుగు మీద కూర్చుని, కొంగు అడ్డం లేకుండా, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ జావ తాగుతోంది. ఎదురుగా మా ఇంట్లో ఆవిడ పై పళ్ళని తొమ్మిది సెన్సర్లు కాపలా కాస్తున్నాయి.